సమాధానాన్ని బట్టి పేజీ మారే ఆన్‌లైన్ ఫారం తయారు చేయడం: మామిడి రైతుల వివరాల ఫారం ఉదాహరణగా

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో మామిడి రైతుల వివరాలు సేకరించాలనుకునే ఏ సంఘానికైనా మొదటి చిక్కు ప్రశ్నల దగ్గరే ఎదురవుతుంది. తోతాపురి పండించి గుజ్జు ఫ్యాక్టరీకి తోలే రైతును అడగవలసిన ప్రశ్నలు వేరు. బేనీషా, ఖాదర్, మల్గోవా వంటి తినే రకాలను దామలచెరువు మండీకి తెచ్చే రైతును అడగవలసినవి వేరు. పూత మీదనే తోటను గుత్తకు ఇచ్చేసి, ఆ ఏటి కాపుతో సంబంధం లేకుండా ఉన్న రైతును వీటిలో ఏదీ అడగనక్కరలేదు. అందరి ప్రశ్నలనూ ఒకే పొడుగాటి ఫారంలో పేర్చి, ‘మీకు వర్తించకపోతే వదిలేయండి’ అని రాసి పంపితే, ఫోనులో నింపుతున్నవారిలో కొందరు సగంలోనే మానేస్తారు; మానని వారిలో కొందరు తమకు వర్తించని చోట కూడా ఏదో ఒకటి నింపి పంపిస్తారు. రెండవ రకం నష్టమే పెద్దది, ఎందుకంటే ఆ తప్పు లెక్కల్లో కలిసిపోయి తరువాత కనిపించదు.

ఫారాన్ని పేజీలుగా విడగొట్టి, ఒక ప్రశ్నకు వచ్చిన సమాధానాన్ని బట్టి తరువాత ఏ పేజీ తెరుచుకోవాలో ముందే నిర్ణయించి పెడితే ఈ చిక్కు తీరుతుంది. ఈ ఏర్పాటును బ్రాంచింగ్ అనీ, కండిషనల్ లాజిక్ అనీ పిలుస్తారు. డబ్బు ఖర్చు లేకుండా అందరికీ అందుబాటులో ఉన్నది గూగుల్ ఫారమ్స్ కాబట్టి ఈ వివరణ ప్రధానంగా దానినే ఆధారం చేసుకుంటుంది. మిగిలిన సాధనాల్లో ఏమి తేడా వస్తుందో చివరి భాగంలో చూడవచ్చు.

కంప్యూటరు తెరవకముందు

ముందుగా ఒక తెల్ల కాగితం తీసుకొని, ఫారం నింపబోయేవారు ఎన్ని రకాలవారో రాయాలి. ప్రశ్నలతో మొదలుపెట్టకూడదు, మనుషులతో మొదలుపెట్టాలి. మన ఉదాహరణలో మూడు రకాల రైతులు ఉన్నారు: కాపును స్వయంగా చూసుకొని అమ్ముకునేవారు, తోటను గుత్తకు ఇచ్చినవారు, ఇంకా కాపుకు రాని లేత తోట ఉన్నవారు. మొదటి రకంలో మళ్ళీ తోతాపురి ఒక్కటే ఉన్నవారు, తినే రకాలు మాత్రమే ఉన్నవారు, రెండూ ఉన్నవారు ఉంటారు. అంటే అసలు దారులు ఐదు. ఈ ఐదింటినీ కాగితం మీద గీయగలిగితే ఫారం దాదాపు పూర్తయినట్టే. గీయలేకపోతే ఏ సాధనమూ ఆ పని మనకు చేసిపెట్టదు.

ప్రతి తేడాకూ ఒక కొత్త దారి తెరవాలనే ఉత్సాహం ఈ దశలోనే వస్తుంది. దానిని అదుపులో పెట్టుకోవాలి. ఒక్క ప్రశ్నను తప్పించడానికి ఒక పేజీ పెట్టడం కంటే, ఆ ప్రశ్న కింద ‘నాకు వర్తించదు’ అనే జవాబును చేర్చడం మేలు. కనీసం మూడు నాలుగు ప్రశ్నలు తప్పుతాయనుకున్నప్పుడే వేరే పేజీ పెట్టడం నా పద్ధతి. ఉదాహరణకు, 2025 సీజన్‌లో తోతాపురికి ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, రాష్ట్ర ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేలా మొత్తం 12 రూపాయల ధర ఖరారైంది. అటువంటి సంవత్సరంలో ఫ్యాక్టరీ సొమ్ము అందిందా, ప్రభుత్వ సొమ్ము ఖాతాలో పడిందా అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలుగా ఉండాలి. కాని వాటి కోసం ప్రత్యేకంగా ఇంకో పేజీ అక్కరలేదు. తోతాపురి పేజీలోనే వాటిని ఉంచి, ‘అందింది’, ‘ఇంకా అందలేదు’, ‘ఫ్యాక్టరీకి తోలలేదు’ అని మూడు జవాబులు ఇస్తే సరిపోతుంది.

పేజీల పథకం

మన ఫారంలో ఆరు పేజీలు ఉంటాయి. మొదటి పేజీలో రైతు పేరు, గ్రామం, మండలం, ఫోను నంబరు వంటి అందరికీ వర్తించే వివరాలు ఉంటాయి. ఆ పేజీలో చివరి ప్రశ్నగా ‘ఈ ఏడు మీ తోట కాపును ఎవరు చూసుకుంటున్నారు?’ అని అడుగుతాము. రెండవ పేజీలో ‘మీ తోటలో తోతాపురి ఉందా?’ అన్న ఒక్క ప్రశ్నే ఉంటుంది. మూడవది తోతాపురి పేజీ, నాలుగవది తినే రకాల పేజీ, ఐదవది గుత్త పేజీ. ఆరవది మళ్ళీ అందరూ కలిసే చోటు: నీటి వసతి, డ్రిప్ ఉందా లేదా, సంఘానికి చెప్పదలచుకున్న విషయాలు అక్కడ ఉంటాయి.

గూగుల్ ఫారమ్స్‌లో పేజీని సెక్షన్ అంటారు. ప్రశ్నల పక్కన నిలువుగా కనిపించే పట్టీలో రెండు అడ్డగీతల వంటి గుర్తు ఉంటుంది. దానిని నొక్కితే కొత్త సెక్షన్ వస్తుంది. ప్రశ్నలు రాయకముందే ఆరు సెక్షన్లనూ ఖాళీగా సృష్టించి, ఒక్కొక్కదానికీ స్పష్టమైన పేరు పెట్టుకోవాలి. దారి నిర్ణయించే జాబితాలో సెక్షన్ సంఖ్యతోపాటు ఈ పేరే కనిపిస్తుంది కాబట్టి, ‘పేరు లేని సెక్షన్’ అని ఆరుసార్లు ఉంటే ఏది ఏదో పోల్చుకోలేము. అయితే ఈ పేర్లను రైతులు కూడా చదువుతారన్నది మరువరాదు. ‘తోతాపురి అమ్మకాలు’ అనే పేరు ఇద్దరికీ పనికివస్తుంది. ‘బ్రాంచ్ ఎ, టైప్ 2’ అనే పేరు ఎవరికీ పనికిరాదు.

దారి తిప్పే ప్రశ్న

గూగుల్ ఫారమ్స్‌లో రెండు రకాల ప్రశ్నలకు మాత్రమే దారి తిప్పే శక్తి ఉంది. ఒకటి మల్టిపుల్ చాయిస్, అంటే వరుసగా ఉన్న జవాబుల్లో ఒక్కదానినే ఎంచుకోవలసినది. రెండవది డ్రాప్‌డౌన్, అంటే నొక్కితే కిందికి తెరుచుకొనే జాబితా. ఒకటి కంటే ఎక్కువ జవాబులకు టిక్కు పెట్టే చెక్‌బాక్స్ ప్రశ్నకు గాని, రైతు తానే టైపు చేసే ప్రశ్నకు గాని ఆ వీలు లేదు.

మొదటి పేజీలోని చివరి ప్రశ్నను మల్టిపుల్ చాయిస్‌గా పెట్టి, ‘మేమే చూసుకుంటున్నాము’, ‘గుత్తకు ఇచ్చాము’, ‘తోట ఇంకా కాపుకు రాలేదు’ అని మూడు జవాబులు రాయాలి. ఆ ప్రశ్న పెట్టె కింది భాగంలో కుడివైపు మూడు చుక్కలు ఉంటాయి. వాటిని నొక్కి, ‘గో టు సెక్షన్ బేస్డ్ ఆన్ ఆన్సర్’ అన్నదానిని ఎంచుకుంటే, ప్రతి జవాబు పక్కనా ఒక చిన్న జాబితా ప్రత్యక్షమవుతుంది. మొదటి జవాబుకు రెండవ సెక్షన్‌ను, రెండవదానికి ఐదవ సెక్షన్‌ను, మూడవదానికి ఆరవ సెక్షన్‌ను చూపించాలి. ప్రతి జవాబుకూ ‘కంటిన్యూ టు నెక్స్ట్ సెక్షన్’ అన్నది ముందే ఎంపికై ఉంటుంది; మొదటి జవాబుకు అది సరిపోతుందని అలాగే వదిలేయకుండా, సెక్షన్ పేరును విడిగా ఎంచుకోవడం మంచిది. రేపు సెక్షన్ల వరుస మారితే, ‘తరువాతి సెక్షన్’ అన్న మాటకు అర్థం మారిపోతుంది. పేరు పెట్టి చూపిన సెక్షన్ మాత్రం మారదు.

ఇదే ప్రశ్నకు ‘రిక్వైర్డ్’ అనే మీటను తప్పనిసరిగా వేయాలి. వేయకపోతే, రైతు ఆ ప్రశ్నను ఖాళీగా వదిలి ముందుకు నొక్కినప్పుడు ఫారానికి జవాబు దొరకక, ఆ పేజీ చివరన ఉన్న ఆదేశాన్ని అనుసరిస్తుంది. గుత్తకు ఇచ్చిన రైతు తోతాపురి ప్రశ్న ముందు నిలబడడానికి ఇది ఒక కారణం.

ఒక పేజీలో దారి తిప్పే ప్రశ్న ఒక్కటే ఉండాలి, అదీ చివరన ఉండాలి. జవాబు ఎంచుకోగానే పేజీ మారదు. ‘నెక్స్ట్’ నొక్కినప్పుడే మారుతుంది. అందువల్ల దారి తిప్పే ప్రశ్నకు కింద ఇంకేమైనా ప్రశ్నలుంటే, అవి అన్ని రకాల రైతులకూ కనిపిస్తాయి. ఒకే పేజీలో రెండు ప్రశ్నలు రెండు దిక్కులు చూపితే ఏమవుతుందో ఆలోచించే అవసరమే రాకుండా, రెండవదానికి మరో పేజీ ఇవ్వాలి. మన పథకంలో రెండవ పేజీలో ఒక్క ప్రశ్నే ఉండడానికి కారణం ఇదే.

రెండు రకాలూ ఉన్న రైతు

ఈ ఫారంలో నిజంగా ఆలోచించవలసిన చోటు ఇది. ‘మీ తోటలో ఏ రకాలు ఉన్నాయి?’ అని అడిగి, ‘తోతాపురి మాత్రమే’, ‘తినే రకాలు మాత్రమే’, ‘రెండూ’ అని మూడు జవాబులు పెట్టడం ఎవరికైనా సహజంగా తోచే పద్ధతి. తోతాపురి మాత్రమే ఉన్నవారు మూడవ పేజీకి, తినే రకాలు మాత్రమే ఉన్నవారు నాలుగవ పేజీకి వెళతారు. రెండూ ఉన్నవారిని ముందు మూడవ పేజీకి పంపి, ఆ తరువాత నాలుగవ పేజీకి పంపాలి. చిక్కు అక్కడ వస్తుంది: మూడవ పేజీ పూర్తయ్యేసరికి, అక్కడ ఉన్న రైతు ‘మాత్రమే’ అన్నవాడో ‘రెండూ’ అన్నవాడో ఆ పేజీకి తెలియదు. గూగుల్ ఫారమ్స్‌లో ఒక పేజీ తన లోపలి ప్రశ్నలను బట్టి మాత్రమే దారి నిర్ణయిస్తుంది. వెనుక పేజీలో ఇచ్చిన జవాబును గుర్తు పెట్టుకోదు. నాలుగవ పేజీకి పంపితే మొదటివాడు అనవసరంగా అక్కడికి వెళతాడు. ఆరవ పేజీకి పంపితే రెండవవాడి సగం వివరాలు పోతాయి.

చెక్‌బాక్స్ ప్రశ్నకు దారి తిప్పే శక్తి లేకపోవడానికి కూడా మూలం ఇదే. రేణిగుంటలో ఆగిన రైలు గూడూరు వైపైనా, గుంతకల్లు వైపైనా, అరక్కోణం వైపైనా సాగాలి గాని ఒకేసారి రెండు పట్టాల మీద నడవలేదు. మూడు గడులున్న చెక్‌బాక్స్ ప్రశ్నకు, ఏదీ ఎంచుకోకపోవడంతో కలిపి, ఎనిమిది రకాల జవాబులు రావచ్చు. నాలుగు గడులైతే పదహారు.

పరిష్కారం ఏమిటంటే, పలు జవాబుల ప్రశ్నను వరుసగా ‘ఉంది’, ‘లేదు’ ప్రశ్నలుగా విడగొట్టాలి. రెండవ పేజీలో ‘తోతాపురి ఉందా?’ అని మాత్రమే అడుగుతాము: ఉంటే మూడవ పేజీకి, లేకపోతే నాలుగవ పేజీకి. మూడవ పేజీలో విస్తీర్ణం, దిగుబడి అంచనా, కాయను ఫ్యాక్టరీకి తోలారా, ర్యాంపు (కాయ కొని పోగుచేసే చోటు) దగ్గర ఇచ్చారా, ఫ్యాక్టరీకి తోలడానికి ఇచ్చే టోకెన్ అందిందా, డబ్బు చేతికి వచ్చిందా అన్నవి పూర్తయ్యాక, చివరి ప్రశ్నగా ‘తోతాపురి కాక తినే రకాలు కూడా ఉన్నాయా?’ అని అడుగుతాము: ఉంటే నాలుగవ పేజీకి, లేకపోతే ఆరవ పేజీకి. ఇప్పుడు ఏ పేజీకీ వెనుకటి జవాబుతో పని లేదు. నాలుగవ పేజీలో ఏయే రకాలు ఉన్నాయో చెక్‌బాక్స్‌తో నిశ్చింతగా అడగవచ్చు, ఎందుకంటే అక్కడ ఆ జవాబు మీద దారి ఆధారపడి లేదు.

పేజీ చివరి ఆదేశం

నాకు కనిపించిన తప్పుల్లో ఎక్కువ భాగం ప్రశ్నల దగ్గర ఉండవు, పేజీ అడుగున ఉంటాయి. చివరిది తప్ప ప్రతి సెక్షన్ కింద ‘ఆఫ్టర్ సెక్షన్’ అని మొదలయ్యే ఒక చిన్న వరుస ఉంటుంది. తయారు చేసేటప్పుడు కన్ను దాని మీద నిలవదు. అందులో మొదట ఉండేది ‘కంటిన్యూ టు నెక్స్ట్ సెక్షన్’. నాలుగవ పేజీ అడుగున దీనిని మార్చకుండా వదిలేస్తే, బేనీషా వివరాలన్నీ శ్రద్ధగా నింపిన రైతుకు, ‘గుత్తదారు మీకు బయానా ఎంత ఇచ్చాడు?’ అన్న ఐదవ పేజీ ఎదురవుతుంది. ఆ ప్రశ్నకు రిక్వైర్డ్ మీట కూడా వేసి ఉంటే, అతను సున్నా రాసి ముందుకు వెళతాడు, లేదా ఫారం మూసేస్తాడు. కాబట్టి నాలుగవ పేజీ అడుగున ఆరవ సెక్షన్‌ను ఎంచుకోవాలి. ఐదవ పేజీ తరువాత వచ్చేది ఆరవదే అయినా, అక్కడ కూడా దానిని పేరు పెట్టి ఎంచుకోవాలి. ఆరవది చివరి పేజీ కాబట్టి, అది పూర్తయ్యాక ఫారం ‘సబ్మిట్’తో ముగుస్తుంది.

జవాబు పక్కన ఒక దారి, పేజీ అడుగున మరో దారి ఉంటే, జవాబు పక్కన ఉన్నదే చెల్లుతుంది. పేజీ అడుగున ఉన్నది దారి తిప్పే ప్రశ్న లేనప్పుడు, లేదా ఆ ప్రశ్నకు జవాబు రానప్పుడు పనిచేస్తుంది. ఈ సంగతి తెలిస్తే మూడవ పేజీ అడుగున ఏమి పెట్టినా పరవాలేదనిపించవచ్చు. అయినా ఆరవ సెక్షన్‌నే అక్కడ ఉంచడం క్షేమం.

జాబితాలో వెనుక సెక్షన్లు కూడా కనిపిస్తాయి. పొరపాటున వెనుక పేజీని ఎంచుకుంటే ఫారం నింపేవారు చుట్టూ తిరుగుతూనే ఉంటారు. కొందరు ఉపాధ్యాయులు దీనినే ఉపయోగంగా మలచుకొని, తప్పు జవాబు ఇచ్చిన విద్యార్థిని పాఠం ఉన్న పేజీకి తిరిగి పంపే క్విజ్‌లు తయారు చేస్తారు. వివరాల సేకరణలో మాత్రం దారి ఎప్పుడూ ముందుకే సాగాలి.

జిల్లా, పిన్ కోడ్, భాష

జిల్లాను బట్టి వేరే పేజీ చూపించాలనుకునేవారు పిన్ కోడ్‌ను నమ్ముకోకూడదు. రైతు టైపు చేసిన సంఖ్యతో గూగుల్ ఫారమ్స్‌లో దారి తిప్పలేమన్నది ఒక కారణం. ఆ సంఖ్య జిల్లాను సరిగా చెప్పదన్నది రెండవ కారణం. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు పాత నెల్లూరు జిల్లాలోని సూళ్ళూరుపేట అందులో చేరింది. దాని పిన్ కోడ్ 524తో మొదలవుతుంది. 517తో మొదలయ్యే మదనపల్లె అదే రోజున అన్నమయ్య జిల్లాలోకి వెళ్ళింది. జిల్లాను, మండలాన్ని డ్రాప్‌డౌన్ జాబితాగా ఇచ్చి రైతునే ఎంచుకోనివ్వడం సరైన పద్ధతి. జాబితా ఇస్తే ‘బంగారుపాళ్యం’, ‘బంగారుపాలెం’ అని ఒకే ఊరు రెండు విధాలుగా నమోదయ్యే బెడద కూడా తప్పుతుంది.

ఫోను నంబరు ప్రశ్నకు ‘రెస్పాన్స్ వాలిడేషన్’ పెట్టి, సంఖ్య 6000000000కు, 9999999999కు మధ్య ఉండాలని నిర్దేశిస్తే, అంకె తక్కువైన నంబర్లు మొదటి పేజీలోనే ఆగిపోతాయి. ఎందుకు ఆగిందో తెలిపే వాక్యాన్ని అక్కడే తెలుగులో రాయవచ్చు. రాయకపోతే తమ ఫోనే పాడైందనుకునేవారు ఉంటారు.

నగరి, కుప్పం వైపు తమిళం మాట్లాడే రైతులు ఉన్నారు కాబట్టి, మొదటి పేజీలోనే భాషను అడిగి రెండు దారులు పెట్టాలన్న ఆలోచన రావచ్చు. నేను దానిని సిఫారసు చేయను. ప్రతి ప్రశ్నా రెండుసార్లు ఉంటుంది, పేజీలు రెట్టింపవుతాయి, ఒక భాషలో చేసిన దిద్దుబాటు రెండవ దానిలో మరచిపోతారు. రెండు వేరే ఫారాలు పెట్టుకొని, లెక్కలు తరువాత కలుపుకోవడం సులభం.

పరీక్షించడం

పైభాగంలో కన్ను గుర్తు నొక్కితే ఫారం రైతుకు ఎలా కనిపిస్తుందో అలా తెరుచుకుంటుంది. కాగితం మీద గీసుకున్న ఐదు దారులనూ ఒక్కొక్కటిగా చివరి దాకా నింపి పంపాలి. లేత తోట రైతు మొదటి పేజీ నుంచి నేరుగా ఆరవదానికి వెళ్ళాలి. గుత్తకు ఇచ్చినవారు ఒకటి, ఐదు, ఆరు. తోతాపురి మాత్రమే ఉన్నవారు ఒకటి, రెండు, మూడు, ఆరు. తినే రకాలు మాత్రమే ఉన్నవారు ఒకటి, రెండు, నాలుగు, ఆరు. రెండూ ఉన్నవారు ఐదవది తప్ప అన్నీ చూడాలి. పేరు గడిలో దారి పేరునే రాస్తే, తరువాత పట్టికలో ఆ వరుసను చూసి, నిండవలసిన గడులే నిండాయో లేదో సరిచూసుకోవచ్చు.

దీనితో ఆగకూడదు. ఒక దారిలో మూడవ పేజీ దాకా వెళ్ళి, ‘బ్యాక్’ నొక్కి వెనక్కు వచ్చి, జవాబు మార్చి, వేరే దారిలో పూర్తి చేసి చూడాలి. ఇంట్లో పెద్దాయన చెబుతుంటే మనుమడు నింపే ఫారాల్లో ఇది తరచుగా జరిగే పని. వదిలేసిన పేజీలోని జవాబులు పట్టికలోకి చేరాయో లేదో అప్పుడు తెలుస్తుంది. ఈ పరీక్షలన్నీ కంప్యూటరు మీద కాక, చిన్న తెర ఉన్న ఫోనులో చేయాలి. రైతుల్లో ఎక్కువమంది నింపేది అందులోనే.

తోట ఫోటో గాని, టోకెన్ ఫోటో గాని జతచేయమని అడగదలిస్తే ఒక విషయం గమనించాలి: ఫైల్ అప్‌లోడ్ ప్రశ్న ఉన్న ఫారాన్ని నింపడానికి గూగుల్ ఖాతాతో లాగిన్ కావాలి. దారి వేరైనా ఈ నిబంధన ఫారం మొత్తానికీ వర్తిస్తుంది కాబట్టి, ఆ ఒక్క ప్రశ్న వల్ల లేత తోట రైతు కూడా లాగిన్ కావలసి వస్తుంది. ఫోటోలను వాట్సాప్‌లో పంపమనడమే మేలు.

జవాబుల పట్టిక

ఫారాన్ని గూగుల్ షీట్స్ పట్టికకు జోడిస్తే, ప్రతి ప్రశ్నకూ ఒక నిలువు వరుస వస్తుంది. దారులున్న ఫారంలో చాలా గడులు ఖాళీగా ఉంటాయి. ఖాళీ గడికి అర్థం ‘లేదు’ అని కాదు, ‘ఈ ప్రశ్న ఈ రైతును అడగలేదు’ అని. వాటిలో సున్నాలు నింపితే తోతాపురి సగటు దిగుబడి అకారణంగా పడిపోతుంది. ఏ లెక్క తీసినా, ముందు దారి తిప్పే ప్రశ్న ఉన్న వరుసలో వడపోసి, ఆ తరువాతే మొత్తాలు చూడాలి.

ఒకే ప్రశ్నను రెండు పేజీల్లో పెడితే, పట్టికలో ఒకే పేరుతో రెండు నిలువు వరుసలు వస్తాయి. ‘మొత్తం విస్తీర్ణం’ వంటి ప్రశ్నను తోతాపురి, తినే రకాల, గుత్త పేజీలు మూడింటిలోనూ అడగడం కంటే, మొదటి పేజీలో గాని, అందరూ కలిసే ఆరవ పేజీలో గాని ఒక్కసారి అడగాలి. రెండు చోట్లా అడగక తప్పనిచోట, ‘విస్తీర్ణం, తోతాపురి’, ‘విస్తీర్ణం, తినే రకాలు’ అని శీర్షికలోనే తేడా చూపించాలి.

ఇతర సాధనాలు

జోహో ఫారమ్స్, జాట్‌ఫారం, వర్డ్‌ప్రెస్ సైట్లలో వాడే గ్రావిటీ ఫారమ్స్ వంటివి మరో పద్ధతిని కూడా ఇస్తాయి. వాటిలో జవాబు మనిషిని పేజీకి పంపవలసిన పని లేదు. ఏ షరతు నెరవేరితే పేజీ కనిపించాలో పేజీకే చెప్పవచ్చు. ‘రకాలు’ అన్న చెక్‌బాక్స్‌లో తోతాపురికి టిక్కు ఉంటే మూడవ పేజీ, తినే రకాలకు టిక్కు ఉంటే నాలుగవ పేజీ చూపించు అని రాస్తే చాలు. రెండూ ఉన్న రైతు సమస్య దానంతట అదే తీరిపోతుంది. ఆ సౌకర్యానికి బదులుగా అక్కడ ఇంకొక జాగ్రత్త అవసరమవుతుంది. షరతులు ఒకదానినొకటి కొట్టివేసుకొని ఎవరికీ కనిపించని పేజీ మిగిలిపోవచ్చు. జవాబులోని మాటను తరువాత దిద్దితే, పాత మాట మీద రాసిన షరతు మౌనంగా చెడిపోవచ్చు. మైక్రోసాఫ్ట్ ఫారమ్స్‌లో ‘యాడ్ బ్రాంచింగ్’ అనే ఏర్పాటు ఉంది. ఆ పద్ధతి గూగుల్ దానికే దగ్గర.

చిన్న సంఘానికి గూగుల్ ఫారమ్స్ చాలు. రకాలు, అమ్మకపు చోట్లు, గుత్త షరతులు అన్నీ కలిసి దారులు పదిహేను దాటుతుంటే మాత్రం రెండవ పద్ధతికి మారాలి, లేదా గుత్త రైతులకు వేరే ఫారం పెట్టాలి.

పంపిన తరువాత దిద్దవలసి వస్తే

జూన్, జూలై నెలల్లో తోతాపురి కోతలు సాగుతుండగా ఫారంలో కొత్త ప్రశ్న చేర్చమని ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు ముందుగా జవాబుల స్వీకరణను ఆపి, ‘కొద్దిసేపట్లో మళ్ళీ తెరుస్తాము’ అన్న సందేశం రాయాలి. ఒక సెక్షన్‌ను తొలగించినా, వాటి వరుస మార్చినా, అన్ని పేజీల అడుగు ఆదేశాలనూ, దారి తిప్పే మూడు ప్రశ్నలనూ మళ్ళీ తెరిచి చూసి, ఐదు దారులనూ మరోసారి నడిపించాలి. పరీక్ష కోసం పంపిన జవాబులను ఫారంలో తొలగించినంత మాత్రాన షీట్స్‌లోని వరుసలు పోవు. వాటిని అక్కడ విడిగా తొలగించిన తరువాతే స్వీకరణను తిరిగి తెరవాలి.